పసిపిల్లల బొడ్డు హెర్నియా: ‘వేచి చూద్దాం’ అన్న మాటను రాసి ఇవ్వండి

ప్రసూతి, శిశు వైద్య, పిల్లల శస్త్రచికిత్స విభాగాల్లో పనిచేసే వైద్యులకు, నర్సులకు, ఆ విభాగాల నియమాలను నిర్ణయించే బాధ్యులకు నమస్కారం.

బొడ్డు హెర్నియా (పొట్ట గోడలోని కన్నం మూసుకోక బొడ్డు ఉబ్బి ఉండటం) ఉన్న ప్రతి పసిబిడ్డ తల్లిదండ్రులకు, మీరు దానిని మొదటిసారి గుర్తించిన రోజునే ఒక పేజీ వివరణ రాసి ఇవ్వవలసిందిగా కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. బొడ్డు వెనుక ఉన్న కన్నం ఎంత వెడల్పు ఉంది, మళ్ళీ ఎప్పుడు చూపించాలి, ఏ వయసు దాకా నిశ్చింతగా ఆగవచ్చు, ఏ లక్షణం కనిపిస్తే ఒక్క గంట కూడా ఆగకూడదు అనే నాలుగు సంగతులు ఆ పేజీలో ఉంటే చాలు. మందులు రాసేటప్పుడు మోతాదు, వేళ, ఎన్నాళ్ళు వాడాలన్నది తప్పకుండా రాసే మీరు, ఈ సమస్యకు అన్నిటికంటే ఎక్కువగా సూచించే ‘వేచి చూడటం’ అనే చికిత్సను మాత్రం నోటిమాటగా చెప్పి పంపించేస్తున్నారు. అది రాతలో లేకపోవడం వల్ల ఎంతోమంది తల్లిదండ్రులు అయితే అనవసరంగా భయపడుతున్నారు, లేకపోతే అవసరమైన వేళ కూడా భయపడకుండా ఉండిపోతున్నారు.

నేను వైద్యురాలిని కాను. బొడ్డు ఉబ్బుతో పెరిగిన బిడ్డకు తల్లిని. ఆ కారణంగానే ఇదే స్థితిలో ఉన్న ఇతర తల్లులతో తరచు మాట్లాడుతూ వచ్చాను. వారిలో చాలామందికి డాక్టరు గారి గదిలో విన్నది ‘ఏం కాదు, అదే పోతుంది’ అన్న ఒక్క మాటే. ఆ మాట చాలా సందర్భాల్లో నిజమే. కానీ ఇంటికి వచ్చాక బిడ్డ ఏడ్చినప్పుడల్లా బొడ్డు ఉబ్బి నిలబడుతుంటే, చూసిన ప్రతివారూ తలా ఒక సలహా చెబుతుంటే, ఆ ఒక్క మాటను పట్టుకుని నిబ్బరంగా ఉండటం ఏ తల్లికైనా కష్టం. ఎందుకు పోతుందో, ఎలా పోతుందో తెలిసినప్పుడే ఆ నిబ్బరం వస్తుంది.

ఆ కారణాన్ని సామాన్యులకు అర్థమయ్యేలా చెప్పడం కష్టమేమీ కాదు. గర్భంలో ఉన్న శిశువుకు బొడ్డుతాడులోని రక్తనాళాలు పొట్ట గోడలోని ఒక గుండ్రని కన్నం గుండా లోపలికి వెళతాయి. పుట్టిన తరువాత బొడ్డుతాడు ఎండి, సాధారణంగా ఒకటి రెండు వారాల్లో ఊడిపోతుంది. ఆ పైన లోపలి కన్నం చుట్టూ ఉన్న గట్టి పొర క్రమంగా దగ్గరకు వచ్చి మూసుకుంటుంది. కొందరు పిల్లల్లో ఈ మూసుకునే పని ఆలస్యమవుతుంది. అప్పుడు పొట్ట లోపలి పలుచని పొర, దానితో పాటు కొంత కొవ్వు గాని పేగు మడత గాని ఆ కన్నంలో నుంచి ముందుకు తోసుకు వచ్చి, బొడ్డు చర్మం కింద మెత్తని ఉబ్బుగా కనిపిస్తుంది. ఏడ్చినప్పుడు, దగ్గినప్పుడు, ముక్కినప్పుడు పొట్టలో ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి ఉబ్బు పెద్దదవుతుంది. పడుకుని నిద్రపోతున్నప్పుడు లోపలికి జారిపోతుంది. ఆడపిల్లలకు, మగపిల్లలకు ఇది దాదాపు సమానంగా వస్తుంది.

ఈ వివరణ ఇవ్వకపోవడం వల్ల కలిగే మొదటి హాని తల్లి మీద నింద పడటం. బిడ్డను ఎక్కువసేపు ఏడవనిచ్చిందని, ఎత్తుకోవడం చేతకాలేదని ఆమెను అంటారు. కాన్పు చేసినవారు బొడ్డుతాడును సరిగా కోయలేదని, ముడి సరిగా వేయలేదని వారిని అంటారు. వీటిలో ఏదీ కారణం కాదు. బొడ్డుతాడును ఎక్కడ కోశారన్నదానికీ, పొట్ట గోడలోని కన్నం ఎప్పుడు మూసుకుంటుందన్నదానికీ సంబంధం లేదు. ఏడుపు అప్పటికే ఉన్న హెర్నియాను కనిపించేలా చేస్తుందే తప్ప దానిని పుట్టించదు. అలాగే, హెర్నియా వల్లే ఏడుపు వస్తోందా అంటే, మామూలుగా ఉండే బొడ్డు హెర్నియా నొప్పి పెట్టదు గనుక, బిడ్డ రాత్రంతా ఏడవడానికి అది కారణమని అనుకోనక్కరలేదు. పుట్టిన కొద్ది వారాలకే నింద మోయవలసి వచ్చిన తల్లికి మీ చేతిరాతలో ‘దీనికి ఎవరూ బాధ్యులు కారు’ అన్న ఒక్క వాక్యం ఎంత ఊరటనిస్తుందో మీరు ఊహించగలరని నమ్ముతున్నాను.

ఇక కొలత సంగతి. మా వంటివారికి కనిపించేది బయటి ఉబ్బు మాత్రమే. అది నిమ్మకాయంత ఉంటే ప్రమాదమని, చిన్నగా ఉంటే ఫరవాలేదని అనుకుంటాం. కానీ మీకు ముఖ్యమైనది చర్మం ఎంత సాగిందన్నది కాదు, దాని వెనుక ఉన్న కన్నం వెడల్పు. ఉబ్బును మెల్లగా లోపలికి నెట్టి వేలికొనతో ఆ కన్నం అంచును మీరు తడిమి తెలుసుకోగలరు. చాలామంది పిల్లలకు స్కానింగ్ అవసరం కూడా లేదు. సుమారు 1 సెంటీమీటరు లోపు ఉన్న కన్నాలు చాలావరకు వాటంతట అవే మూసుకుంటాయి. 1.5 సెంటీమీటర్లు దాటిన వాటిలో ఆ అవకాశం తగ్గుతుంది. బయట తొండంలా వేలాడుతున్నంత పెద్ద ఉబ్బు వెనుక కన్నం చిన్నదై ఉండవచ్చు, చూడటానికి చిన్నదైన ఉబ్బు వెనుక కన్నం పెద్దదై ఉండవచ్చు. ఈ తేడా చెప్పకుండా ‘పెద్దదేమీ కాదు’ అని మాత్రం అంటే, మరుసటి నెలలో ఉబ్బు పెరిగినట్టు కనిపించగానే తల్లిదండ్రులకు మీ మాట మీద నమ్మకం సడలుతుంది. మొదటి కొన్ని నెలల్లో ఉబ్బు పెరగడం, తరువాత తగ్గుముఖం పట్టడం మామూలేనని ముందే చెబితే ఆ సందేహమే రాదు. మీరు వేలితో కొలిచిన ఆ వెడల్పును సెంటీమీటర్లలో రాసి తేదీ వేస్తే, తరువాత చూసే డాక్టరు వేరొకరైనా సరే కన్నం మూసుకుంటోందా, అలాగే ఉందా అన్నది తేల్చి చెప్పగలరు. రాయని కొలతతో ఎవరూ ఏదీ పోల్చలేరు. ఈ లేఖలో నేను అడుగుతున్నవాటిలో ఒక్కటే ఒప్పుకుంటామని మీరంటే, దీనినే ఒప్పుకోమంటాను.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల తల్లిదండ్రుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నిండు నెలల పిల్లల్లో ప్రతి 10 మందిలో ఒకరిద్దరికి ఈ హెర్నియా ఉంటే, 1.5 కిలోల లోపు బరువుతో పుట్టినవారిలో సగానికి మించి ఉంటుంది. అప్పటికే ఇంక్యుబేటర్ పక్కన వారాల తరబడి కూర్చుని వచ్చిన ఆ తల్లిదండ్రులు బొడ్డు ఉబ్బగానే మరొక గండం వచ్చిందని అనుకుంటారు. బరువు తక్కువగా పుట్టిన పిల్లల్లో ఇది సర్వసాధారణమని, వారిలో కూడా అత్యధికులకు దానంతట అదే మూసుకుంటుందని డిశ్చార్జి రోజునే చెప్పండి. మరోవైపు, డౌన్ సిండ్రోమ్, పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపం వంటి కొన్ని స్థితుల్లో కూడా బొడ్డు హెర్నియా కనిపిస్తుంది. బిడ్డ మందకొడిగా ఉండి, పచ్చకామెర్లు త్వరగా తగ్గక, మలబద్ధకంతో, నాలుక పెద్దదిగా ఉండి, దానితో పాటు బొడ్డు కూడా ఉబ్బి ఉంటే థైరాయిడ్ పరీక్ష చేశారో లేదో చూడవలసిన అవసరం ఉంటుంది. ఇవేవీ లేకుండా కేవలం బొడ్డు ఉబ్బితే అనుమానించవలసింది ఏమీ ఉండదు. ఈ రెండో మాట కూడా మీ పేజీలో ఉండాలి, లేకపోతే మొదటి మాట చదివి భయపడేవారు ఎక్కువవుతారు.

బొడ్డు మీద నాణెం పెట్టి కట్టడం గురించి కొంచెం వివరంగా రాయవలసి ఉంది. ఇది ఏ ఒక్క ప్రాంతపు అలవాటో కాదు, ఎన్నో దేశాల్లో తరతరాలుగా ఉన్నదే. చెప్పేవారు ప్రేమతోనే చెబుతారు. కట్టిన కొన్ని నెలలకు ఉబ్బు పోతుంది కూడా. కట్టకపోయినా పోయేదే అయినా ఘనత నాణేనికి దక్కుతుంది. అందుకే ‘కట్టకండి’ అన్న ఉత్తర్వు ఇంట్లో పెద్దవారి అనుభవం ముందు నిలవదు. కారణం చెప్పినప్పుడే నిలుస్తుంది. కన్నం మూసుకోవడం లోపలి పొర ఎదుగుదల వల్ల జరిగే పని, పైనుంచి నాణెం నొక్కినంత మాత్రాన ఆ అంచులు దగ్గరకు రావు. బిగించిన కట్టు కింద చెమట, తడి చేరి పసిచర్మం ఒరిసి పుండు పడవచ్చు. బొడ్డు ఇంకా పూర్తిగా ఆరని బిడ్డకైతే అక్కడ చీము పట్టి, ఆ ఇన్ఫెక్షన్ లోపలికి పాకే ప్రమాదం ఉంది. అన్నిటికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది మరొకటి: కట్టు కింద ఉబ్బు రంగు మారినా, గట్టిపడినా ఎవరికీ కనిపించదు. జపాన్ వంటి చోట్ల కొందరు వైద్యులు దూదితోను, ప్రత్యేకమైన పలుచని అతుకు పట్టీతోను తమ పర్యవేక్షణలో ఒత్తుకట్టు వేస్తున్న మాట నిజమే. అది చర్మాన్ని ఎప్పటికప్పుడు చూసుకుంటూ వైద్యులు చేసే పని, ఇంట్లో నాణెం కట్టడానికి అది సమర్థన కాదు. తెలిసి అడిగే తల్లిదండ్రులకు ఈ తేడాను దాచకుండా చెప్పండి. సగం సమాచారం ఎక్కడో చదివి వచ్చినవారిని కసిరి పంపితే వారు మిగిలిన సగం మరెవరి దగ్గరో వింటారు.

అత్యవసర లక్షణాల గురించి ఎంత చెప్పినా తక్కువే. బొడ్డు హెర్నియాలో పేగు ఇరుక్కుపోవడం చాలా అరుదు. అరుదు కాబట్టే దానిని చెప్పకుండా వదిలేస్తున్నారని నాకు అనిపిస్తుంది. ఇంతకు ముందు మెత్తగా ఉండి, వేలితో తాకితే లోపలికి పోయే ఉబ్బు ఒక్కసారిగా గట్టిపడి, బిడ్డ పడుకున్నా, ఊరుకున్నా లోపలికి పోకుండా ఉండిపోతే, తాకితే బిడ్డ నొప్పితో కేకపెడితే, పైచర్మం ఎర్రబడినా నల్లబడినా, వాంతులు మొదలైతే, అందులోనూ వాంతి ఆకుపచ్చగా ఉంటే, పొట్ట ఉబ్బి మలవిసర్జన ఆగిపోతే వెంటనే ఆసుపత్రికి చేరుకోవాలి. ఇరుక్కున్న పేగుకు రక్తప్రసరణ ఆగిపోతే గంటల వ్యవధిలోనే ఆ భాగం చచ్చుబడిపోవచ్చు. ముదురు రంగు చర్మం ఉన్న పిల్లల్లో ఎర్రదనం సరిగా తెలియదు కాబట్టి, రంగుకంటే గట్టిదనాన్ని, నొప్పిని చూడమని చెప్పండి. దారిలో బలంగా లోపలికి నొక్కే ప్రయత్నం చేయవద్దని, ఆపరేషన్ అవసరం కావచ్చు కాబట్టి పాలు, ఆహారం ఏదీ పట్టవద్దని కూడా చెప్పండి. ఈ లక్షణాలను పది మాటల్లో చెప్పి పంపిస్తే, ఆరు నెలల తరువాత అర్ధరాత్రి వేళ ఆ పది మాటలు ఎవరికి గుర్తుంటాయి? కాగితం మీద ఉంటే, బిడ్డను చూసుకుంటున్నది ఆ సమయంలో అమ్మమ్మ అయినా, తండ్రి అయినా, మరెవరైనా చదువుకోగలరు. చదవడం రానివారి కోసం మెత్తని ఉబ్బుకూ, గట్టిపడిన ఉబ్బుకూ రెండు బొమ్మలు వేయించండి, అత్యవసరంగా ఫోన్ చేయవలసిన నంబరును పెద్ద అంకెల్లో అచ్చు వేయించండి.

బొడ్డు దగ్గర కనిపించే ప్రతిదీ హెర్నియా కాదన్నది మీకు తెలిసిన విషయమే. తాడు ఊడిన చోట తడిగా, ఎర్రగా ఉండే చిన్న కండ వేరు, బొడ్డులో నుంచి స్రావం కారుతూ ఉండటం వేరు. వాటిని త్వరగా చూపించాలి. బొడ్డుకు పైన నడిమి గీతలో వచ్చే హెర్నియా సాధారణంగా దానంతట అది మూసుకోదు. అన్నిటికంటే ముఖ్యంగా గజ్జల్లో వచ్చే హెర్నియాకు వేచి చూడటం పనికిరాదు; పసిపిల్లల్లో అది ఇరుక్కునే ప్రమాదం ఎక్కువ కాబట్టి ఆపరేషన్‌ను ఆలస్యం చేయరు. ఒక బిడ్డ బొడ్డు హెర్నియా విషయంలో ‘ఆగవచ్చు’ అని విన్న కుటుంబం, మరొక బిడ్డ గజ్జలో ఉబ్బు కనిపించినప్పుడు కూడా అదే సలహాను పాటించే అవకాశం ఉంది. దానిని ఆపడానికి మీ పేజీలో ఒక వాక్యం చాలు.

శస్త్రచికిత్స చేసే డాక్టర్లకు నా విన్నపం రెండు వైపులా ఉంటుంది. మొదటిది, ఏ ఇబ్బందీ లేని ఏడాది బిడ్డకు తల్లిదండ్రుల ఆందోళన తీర్చడం కోసం ఆపరేషన్ చేయకండి. లక్షణాలు లేని బొడ్డు హెర్నియాను 4 నుంచి 5 ఏళ్ళ వయసు వచ్చేదాకా శస్త్రచికిత్స నిపుణుల దగ్గరకు పంపనవసరం లేదని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ తన సూచనల్లో చెప్పింది. ఆ వయసుకు చాలామంది పిల్లలకు ఆపరేషన్ అవసరమే మిగలదు, మిగిలినవారికి మత్తు ఇవ్వడం మరింత సురక్షితంగా ఉంటుంది. 3 ఏళ్ళలోపు పిల్లలకు పదేపదే గాని, 3 గంటలకు మించి గాని మత్తు ఇస్తే మెదడు ఎదుగుదల మీద ప్రభావం ఉండవచ్చునని 2016లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. ఒక్కసారి, తక్కువసేపు ఇచ్చే మత్తు గురించి ఆ తరువాత వచ్చిన పరిశోధనల ఫలితాలు ధైర్యం కలిగించేవే కాబట్టి, పేగు ఇరుక్కుని నిజంగా అవసరమైన బిడ్డకు ఆపరేషన్ చేయించడానికి ఏ తల్లీ తండ్రీ వెనుకాడకూడదు. అవసరం లేనప్పుడు మాత్రం ఆ కాస్త ప్రమాదాన్ని అయినా బిడ్డ మీద ఎందుకు మోపాలి?

రెండోది, ఆగమని చెప్పిన పిల్లలను మరిచిపోకండి. ఈ వైపు జరిగే పొరపాటు గురించి ఎవరూ అంతగా మాట్లాడరు. రెండేళ్ళ వయసులో ‘ఇంకా సమయం ఉంది’ అని విన్న కుటుంబం, మళ్ళీ రమ్మని ఎవరూ తేదీ చెప్పకపోవడంతో, బిడ్డకు ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా ఆ సంగతే తలచుకోకపోవచ్చు. 5 ఏళ్ళు దాటినా కన్నం పెద్దదిగానే మిగిలి ఉంటే అది మూసుకునే ఆశ తక్కువ. మూసుకోకుండా పెద్దయినవారిలో ఆ హెర్నియా ఇరుక్కునే ప్రమాదం పిల్లల్లో కంటే ఎక్కువ, స్త్రీలకైతే గర్భం ధరించినప్పుడు పెద్దదయ్యే అవకాశమూ ఉంది. చిన్నతనంలో కొన్ని కుట్లతో ముగిసేది, పెద్దయ్యాక వల వంటి తొడుగు వేసి చేయవలసిన ఆపరేషన్ కావచ్చు. కన్నం బాగా పెద్దదై ఏళ్ళు గడిచినా ఏమాత్రం తగ్గని పిల్లలకు, తొండంలా చర్మం సాగి ఉన్నవారికి, అంతకంటే ముందే ఆపరేషన్ చేయవచ్చునా అన్నది మీరు బిడ్డను చూసి నిర్ణయించవలసిన విషయం. నేను అడిగేదల్లా ఆ నిర్ణయానికి ఒక తేదీ ఉండాలని. టీకాలకు వచ్చినప్పుడల్లా నర్సు ఒక నిమిషం కేటాయించి కన్నాన్ని తడిమి చూసి, డాక్టరు రాసిన పాత కొలత పక్కన కొత్త కొలత రాస్తే, నాలుగేళ్ళు నిండేసరికి మీ ముందు ఊహ కాకుండా లెక్క ఉంటుంది.

ఆపరేషన్ వరకు వచ్చిన కుటుంబాలకు అది ఎలా జరుగుతుందో కూడా ముందే చెప్పండి. బొడ్డు కింది అంచున చిన్న వంపు గీతగా కోసి, ముందుకు వచ్చిన సంచిని విడదీసి, లోపలికి చేర్చి, గట్టి పొరలోని కన్నాన్ని కుట్లతో మూసి, బొడ్డు చర్మాన్ని లోపలి పొరకు అతికేలా కుట్టడం వల్ల బొడ్డు మళ్ళీ గుంటగా కనిపిస్తుంది. సాధారణంగా గంటలోపే అయిపోతుంది, అదే రోజు ఇంటికి పంపిస్తారు, చాలావరకు కుట్లు తీయవలసిన పని కూడా ఉండదు. మత్తుకు ముందు ఘనాహారం 6 గంటలు, తల్లిపాలు 4 గంటలు ఆపమనడం వంటి నియమాలకు కారణం చెబితే, ఆకలికి ఏడుస్తున్న బిడ్డకు జాలిపడి ఏదో ఒకటి పెట్టేయడం జరగదు. తరువాత కొన్నాళ్ళు వాపు, కమిలిన రంగు ఉండవచ్చునని, బొడ్డు వెంటనే చదునుగా కనిపించకపోవచ్చునని, జ్వరం వచ్చినా, చీము కారినా, ఎర్రదనం పాకుతున్నా తిరిగి చూపించాలని, మీరు చెప్పిన వారాలు నిండేదాకా గెంతులు, కుస్తీలు వద్దని చెప్పండి. హెర్నియా తిరిగి రావడం అరుదైనా, తిరిగి రాదని హామీ మాత్రం ఇవ్వకండి.

బడికి వెళ్ళే వయసు వచ్చిన బిడ్డ విషయంలో మరొక మాట. తోటి పిల్లలు వేలెత్తి చూపించారని చొక్కా విప్పడానికి సిగ్గుపడే ఐదేళ్ళ బిడ్డ బాధను ‘అందం కోసం ఆపరేషన్’ అని తీసిపారేయడం నాకు న్యాయంగా తోచదు. ఆ వయసుకు కన్నం ఎలాగూ మూసుకోవలసినంత గడువు పూర్తయి ఉంటుంది కాబట్టి, బిడ్డ మనసును కూడా కారణాల్లో ఒకటిగా లెక్కించండి. ఆ సంభాషణలో బిడ్డను కూడా కూర్చోబెట్టుకుని, తన పొట్టకు ఏమి చేయబోతున్నారో తనకు అర్థమయ్యే మాటల్లో చెప్పండి.

ఈ పేజీని రూపొందించడానికి కొత్త పరికరాలు గాని, కొత్త గదులు గాని అవసరం లేదు. ఇప్పుడు మీరు నోటితో చెబుతున్నదే, మీ విభాగంలోని శిశు వైద్యులు, పిల్లల శస్త్రచికిత్స నిపుణులు, నర్సులు కలిసి ఒకసారి కూర్చుని, ఒకే మాటగా రాసుకోవాలి. డాక్టరుకొక మాటగా వినే తల్లిదండ్రులు తమకు నచ్చిన మాటనే పట్టుకుంటారు కాబట్టి, ఆగవలసిన వయసు మీదా, పంపవలసిన కొలత మీదా ముందు మీలో మీకు ఏకాభిప్రాయం కుదరాలి. అచ్చు వేసే ముందు ఆ కాగితాన్ని వైద్యం చదవని ఇద్దరు ముగ్గురు తల్లుల చేత చదివించి, ఎక్కడ ఆగిపోయారో చూసి, ఆ వాక్యాలను తిరిగి రాయండి. కొలతలకూ, తేదీలకూ చోటు వదిలి, బిడ్డ టీకాల పుస్తకంలో అతికించేలా తయారు చేయండి. రాబోయే కాన్పుల నుంచే దీనిని మొదలుపెట్టవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
బొడ్డు హెర్నియాతో పెరిగిన బిడ్డ తల్లి